‘ఖచ్చితంగా డిలీట్ చేయాలా?’ అని అడిగితే పని అయిపోదు

కర్నూలు, ఆదోని, నంద్యాల ప్రాంతాల్లో మార్కెట్ యార్డులకు, కమీషన్ దుకాణాలకు, ఆసుపత్రులకు, కాలేజీలకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే డెవలపర్లకు. దాన్ని చూసి ‘బాగుంది, తీసుకుందాం’ అని సంతకం పెట్టే అధికారులకు, యజమానులకు.

నమస్కారం.

మీరు రాసిన స్క్రీన్ల ముందు పొద్దస్తమానం కూర్చునేవాళ్లం, వాటి వెనకున్న డేటాబేసులు చూసుకునేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఫలానా సాఫ్ట్‌వేర్ అని పేరు పెట్టడం లేదు, ఈ తప్పులు ఏ ఒక్కరి సొత్తూ కావు కాబట్టి. మేం అడిగేది ఒక్కటే. ఆపరేటర్ చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు జారుతుందని ముందే ఒప్పుకోండి. జారినదాన్ని మీకు ఫోన్ చేయకుండా, మీరు ఊళ్లో లేకపోయినా, తనే వెనక్కి తెచ్చుకునే దారి స్క్రీన్ మీదే పెట్టండి.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి మీకు తెలిసిందే. డిలీట్ నొక్కగానే ‘ఆర్ యూ ష్యూర్?’ అని చిన్న పెట్టె వస్తుంది. అడిగాం కదా, ఇక ఏం జరిగినా ఆపరేటర్ పూచీ అని మీ లెక్క. ఉల్లి సీజన్‌లో యార్డు కంప్యూటర్ దగ్గర ఒక్క పూట నిలబడి చూడండి. లాట్ నంబరు, రైతు పేరు, బస్తాలు, తూకం, ధర చకచకా పడుతుంటాయి. సేవ్ చేస్తే ఒక పెట్టె, తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) ప్రింట్ తీస్తే ఒక పెట్టె, పేజీ మారితే ఒక పెట్టె. మధ్యాహ్నానికి ఆ పెట్టెలో ఏముందో ఎవరూ చదవరు. పెట్టె కనబడగానే వేలు ఎంటర్ మీదికి దానంతటదే పోతుంది. అందులో అజాగ్రత్త ఏమీ లేదు, అన్నిటికీ అదే ప్రశ్న అడిగి మీరు నేర్పిన అలవాటే అది.

ఇంకో సంగతి. 417వ లాటు తీసేయబోయి 471వ లాటు వరుస మీద నొక్కాడనుకోండి. ‘డిలీట్ చేయాలా?’ అంటే అవుననే అంటాడు, డిలీట్ చేయాలనే కూర్చున్నాడు మరి. తప్పింది ఏ లాటు అన్న దగ్గర. ఆ సంగతి మీ పెట్టె అడగనే లేదు. ఇంటర్‌ఫేస్‌ల మీద పనిచేసినవాళ్లు ఉద్దేశం సరిగ్గా ఉండి చెయ్యి తప్పడం వేరు, ఉద్దేశమే తప్పడం వేరు అని ఎప్పుడో విడదీసి చెప్పారు. డిజైన్ మీద రాసే మనస్తత్వ శాస్త్రవేత్త డోనాల్డ్ నార్మన్ 1980ల్లోనే ఈ తేడా మీద వివరంగా రాశాడు. చెయ్యి తప్పినప్పుడు మళ్లీ అడగడం వల్ల లాభం లేదు, వెనక్కి తీసుకోనివ్వడమే మందు.

అందుకని డిలీట్ నొక్కగానే ఏమీ అడగకండి, తీసేయండి. ఆ వరుసను మాయం చేయకుండా అక్కడే బూడిదరంగులోకి మార్చి, దాని మీదే ‘లాటు 471, 38 బస్తాలు తీసేశాం. వెనక్కి తెచ్చుకో’ అని చూపండి. 471 అన్న అంకె కంటపడిన క్షణంలోనే తప్పు తెలుస్తుంది. జీమెయిల్‌లో పంపిన ఉత్తరాన్ని ఆపుకోవడానికి 5 నుంచి 30 సెకన్లు ఇస్తారు. ఉత్తరానికి అది చాలు, యార్డుకు చాలదు. ఇక్కడ తప్పు బయటపడేది సాయంత్రం రైతు డబ్బుకు వచ్చి ‘నా లాటేది’ అని అడిగినప్పుడు. కాబట్టి తీసేసినవన్నీ కనీసం 30 రోజులు ‘తీసేసినవి’ అనే పేజీలో ఉండాలి. డబ్బుతో ముడిపడినవైతే ఆ ఏడాది ఆడిట్ ముగిసేదాకా ఉండాలి. విండోస్‌లో రీసైకిల్ బిన్ వచ్చింది 1995లో. మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లకు ఇంకా చేరలేదు.

చేయడం కష్టమేమీ కాదు. టేబుల్‌లో తీసేసిన సమయానికి ఒక కాలమ్, తీసేసిన లాగిన్‌కు ఒక కాలమ్ చాలు. ఇక్కడ రెండు గోతులున్నాయి. ఒకటి, ప్రతి క్వెరీలోనూ ‘తీసేయనివి మాత్రమే’ అనే షరతు చేత్తో రాస్తే ఎక్కడో ఒక రిపోర్టులో మరిచిపోతారు, అక్కడ తీసేసిన లాటు కూడా మొత్తంలో కలుస్తుంది. ఆ షరతుతో ఒక వ్యూ (పేరు పెట్టి దాచుకునే క్వెరీ) కట్టి, రిపోర్టులన్నీ దాన్నుంచే తీయండి. రెండోది, ఒకే నంబరును రెండుసార్లు పడనివ్వని యూనిక్ ఇండెక్స్. ఓపీ నంబరు 1182 తీసేసి మళ్లీ అదే నంబరుతో ఎంట్రీ చేయబోతే ‘ఇప్పటికే ఉంది’ అంటుంది, వెతికితే ఎక్కడా కనబడదు. ఆపరేటర్ విసిగిపోయి 1182ఎ అని కొట్టేస్తాడు, అక్కడినుంచి రికార్డులు రెండవుతాయి. ‘ఈ నంబరు తీసేసినవాటిలో ఉంది, తెచ్చుకుంటారా?’ అని ఆ చోటే చెప్పాలి.

నిజంగా వెనక్కి రానివి కొన్ని ఉంటాయి. డబ్బు బదిలీ, పంపేసిన ఎస్సెమ్మెస్, పాత సంవత్సరం ఫైలు చెరిపేయడం లాంటివి. అక్కడ అడగాల్సిందే, కానీ అడిగే తీరు ఉంది. మన తెలుగు స్క్రీన్లలో ఒక చోద్యం చూడండి: ‘దరఖాస్తు రద్దు చేయాలా?’ అని ప్రశ్న, కింద ‘సరే’, ‘రద్దు’ అని రెండు బటన్లు. రద్దు చేయాలనుకున్నవాడు ఏది నొక్కాలి? ఇంగ్లీషులో క్యాన్సిల్ అని ఉన్నదాన్ని ఎక్కడికక్కడ ‘రద్దు’ అని మార్చేస్తే వచ్చిన తంటా ఇది. బటన్ మీద జరగబోయే పనే రాయండి: ‘దరఖాస్తు తీసేయి’, ‘ఉండనీ’. ప్రశ్నలో పేరు, లెక్క ఉండాలి: ‘2023-24 తూకాలు మొత్తం 6,214 పోతాయి.’ పెద్ద చెరిపివేతలకు పేరు టైప్ చేయమని అడిగే పద్ధతి కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లో ఉంది, మంచిదే. తెలుగు పేరు టైప్ చేయమంటే మాత్రం కీబోర్డు మార్చుకోవడానికే సగం ఓపిక పోతుంది. దానికి బదులు ఆ రికార్డు నంబరులో చివరి నాలుగు అంకెలు అడగండి. చూసి కొట్టాలి కాబట్టి కన్ను అటు పోతుంది.

ఈ పెట్టెల గురించే మరో మాట. ఆపరేటర్ నంబర్ ప్యాడ్ మీద ఎంటర్ కొడుతూ వేగంగా పోతుంటే మధ్యలో పెట్టె ఊడిపడుతుంది, ముందే కొట్టిన ఎంటర్ దానికి తగిలి ‘అవును’ అయిపోతుంది. పెట్టె వచ్చింది, పోయింది, మనిషి చూడనే లేదు. బార్‌కోడ్ స్కానర్‌తో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే చాలా స్కానర్లు ప్రతి స్కాన్ చివర ఒక ఎంటర్ పంపుతాయి. డిఫాల్ట్‌గా ఉండాల్సింది ‘ఉండనీ’ బటన్. పెట్టె తెరిచిన మొదటి అర సెకను ఏ కీ పడినా పట్టించుకోకూడదు. ఫారంలో ఎంటర్ కొడితే తర్వాతి గడిలోకి పోవాలి తప్ప సగం నిండిన ఫారం సబ్మిట్ కాకూడదు. ‘సేవ్’ పక్కనే అదే రంగులో, అదే సైజులో ‘రీసెట్’ పెట్టే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో గానీ, దాన్ని పూర్తిగా తీసేయండి. ఇరవై గడులు నింపాక అన్నీ ఖాళీ చేసుకోవాలని కోరుకునే మనిషిని మేం ఇంతవరకు చూడలేదు.

ధర గడిలో మౌస్ చక్రం సంగతి చాలామందికి తెలియదు. నంబర్ రకం ఇన్‌పుట్ పెడితే, కర్సర్ ఆ గడిలో ఉండగా పేజీ కిందికి జరుపుదామని చక్రం తిప్పితే కొన్ని బ్రౌజర్లలో పేజీ బదులు అంకె తిరుగుతుంది. 1850 కాస్తా 1847 అవుతుంది. ఎర్రగీత పడదు, చప్పుడు ఉండదు. మూడు రూపాయల తేడా ఎవరి కంటా పడదు, తక్‌పట్టీ మాత్రం తప్పుగా వస్తుంది. టెక్స్ట్ రకం పెట్టి, ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ ఇస్తే ఫోన్లో అంకెల కీబోర్డే వస్తుంది, చక్రం బెడద పోతుంది.

డేటాబేస్ లోపల కాస్కేడ్ డిలీట్ పెట్టేవాళ్లకు ఒక విన్నపం. కమీషన్ ఏజెంటు పేరు రెండుసార్లు పడిందని ఒకటి తీసేస్తే, ఆ పేరు కింద ఉన్న లాట్లన్నీ దానితో పాటే కొట్టుకుపోతాయి. మాస్టర్ రికార్డులకు కాస్కేడ్ వద్దు, రెస్ట్రిక్ట్ పెట్టండి. ‘ఈ పేరు కింద 214 తూకాలున్నాయి, ముందు వాటిని వేరే పేరుకు మార్చండి’ అని చెప్పి, మార్చే బటన్ అక్కడే ఇవ్వండి. నిజానికి ఆపరేటర్‌కు కావాల్సింది డిలీట్ కాదు, రెండు పేర్లను ఒకటి చేయడం. అది లేకపోయేసరికి డిలీట్ వాడుతున్నాడు.

ఇక సగం కొట్టిన ఫారాలు. సెషన్ పది, పదిహేను నిమిషాలకు ముగుస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి రేషన్ కార్డు కోసం సంచి వెతుక్కుని తీసేలోపు టైమవుతుంది, సబ్మిట్ నొక్కితే లాగిన్ పేజీ వస్తుంది, అంతదాకా కొట్టిందంతా గాలికి పోతుంది. సెషన్ ముగియడం భద్రత కోసమే, కాదనం. కానీ మళ్లీ లాగిన్ అయితే వదిలిన చోటే ఫారం తెరుచుకోవాలి. ఇది మా సొంత కోరిక కూడా కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం ఇచ్చిన జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలు వెబ్ పేజీలు వికలాంగులతో సహా అందరికీ అందేలా ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం 2.1లోని ఏఏ స్థాయిని పాటించమంటాయి. అందులో 2.2.1 ప్రకారం, గడువు పెట్టి దాన్ని పొడిగించుకోనిచ్చే పద్ధతి ఎంచుకుంటే, ముగిసేముందు హెచ్చరించి, ఒక చిన్న నొక్కుతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. 3.3.4 డబ్బుకు, చట్టపరమైన పనులకు, దాచిన డేటా మార్చే, తీసేసే పనులకు సంబంధించింది. వెనక్కి తీసుకునే వీలు, తప్పులు పట్టి సరిదిద్దుకునే వీలు, చివర అన్నీ ఒకసారి చూసుకుని మార్చుకునే వీలు, ఈ మూడింటిలో ఒకటైనా ఉండాలంటుంది. మూడోదాన్ని చాలామంది ‘ఆర్ యూ ష్యూర్’ పెట్టెతో సరిపెట్టేస్తున్నారు. అది అడిగేది పెట్టె కాదు, నింపిన వివరాలన్నీ ఒకచోట చూపించే పేజీ. టెండరు కాగితంలో జీఐజీడబ్ల్యూ అని ఒక్క ముక్క రాసి వదిలేసే అధికారులు ఈ రెండు నంబర్లు కూడా రాయించండి, పరీక్షించడం తేలికవుతుంది.

డ్రాఫ్ట్ దాచడం ఎలా అంటే: టైపింగ్ ఆగిన రెండు మూడు సెకన్లకు, గడి మారినప్పుడల్లా సర్వర్‌కు పంపండి. బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో దాస్తే సులువే కానీ, పదిమంది వాడే కంప్యూటర్లో ఒకరి ఆధార్ నంబరు ఇంకొకరికి కనబడుతుంది. లాగిన్ కింద సర్వర్‌లో ఉంటేనే క్షేమం. పేజీ మూసేటప్పుడు బ్రౌజర్ ఇచ్చే హెచ్చరికను నమ్ముకోవద్దు. అందులో మీ తెలుగు వాక్యం క్రోమ్ 2016 నుంచే చూపడం లేదు, తన సొంత మాటే చూపిస్తుంది. ఫోన్లలో అసలు వస్తుందన్న భరోసా లేదు, కరెంటు పోయినప్పుడు సరేసరి. స్క్రీన్ పైన ఒక మూల ‘11.42కు దాచాం’ అని టైముతో సహా చూపండి. నెట్ పోతే అది ‘11.42 తర్వాత దాచలేదు’ అని రంగు మారాలి. తిరుగుతూ ఉండే చక్రం బొమ్మ ఎవరికీ ఏమీ చెప్పదు.

తెలుగు పేర్లకు జరిగే నష్టం వేరే రకం. ‘వెంకటలక్ష్మమ్మ’ అనే పేరు తీసుకోండి. మన కంటికి ఆరు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో, ఒత్తులు, గుడులు, పొల్లులు విడివిడిగా లెక్కపడతాయి కాబట్టి 14. వాటిని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 42. ఇంగ్లీషు పేర్లు చూసుకుని 30 బైట్ల కాలమ్ పెట్టారంటే పదోది దగ్గర తెగి ‘వెంకటలక్ష్’ మిగులుతుంది. ఒరాకిల్‌లో వార్‌క్యార్2 (అక్షరాలు దాచే కాలమ్ రకం) పక్కన రాసే అంకె మామూలుగా బైట్ల లెక్కే, క్యార్ అని విడిగా చెప్పాలి. పట్టకపోతే ఒరాకిల్ ఎర్రర్ ఇస్తుంది, అదే నయం. ఆ ఎర్రర్ రాకుండా కోడ్‌లో ముందే కత్తిరించేవాళ్లతోనే చిక్కు. మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాను తిప్పికొట్టేది) 5.7 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా వస్తోంది. పాత కోడ్ నడవడం లేదని దాన్ని ఆపేస్తే, పేరు చప్పుడు లేకుండా తెగి కూర్చుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎన్‌వార్‌క్యార్ కాలమ్ పెట్టి కూడా, క్వెరీలో స్ట్రింగ్ ముందు ఎన్ పెట్టడం మరిస్తే పేరంతా ‘????’ అవుతుంది. గుర్తుంచుకోండి, అది ఫాంటు తేడా కాదు. ఆ ప్రశ్నార్థకాల వెనక పేరు లేదు, పోయింది. ఫాంటు మార్చి చూద్దామని రోజులు గడిపేవాళ్లున్నారు.

ఎక్సెల్ దగ్గరా ఇదే తంతు. రిపోర్టును సీఎస్‌వీగా దింపి, ఎక్సెల్‌లో తెరిచి, ఒక వరుస సరిచేసి, సేవ్ కొట్టి, మళ్లీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం ఆఫీసుల్లో రోజూ జరిగే పని. ఆ దారిలో సర్వే నంబరు 5-2 కాస్తా ఫిబ్రవరి 5 అవుతుంది. పోనీ టెక్స్ట్‌గా మారుద్దామంటే, 2026లో చేసిన ఎంట్రీ అయితే 46058 అనే అంకె వస్తుంది. ఎక్సెల్ అంకెల్లో 15 స్థానాలే దాస్తుంది కాబట్టి 16 అంకెల బ్యాంకు ఖాతాలో చివరి అంకె సున్నా అయిపోతుంది, ముందున్న సున్నాలు రాలిపోతాయి. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు ప్రశ్నార్థకాలవుతుంది, ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకుంటేనే నిలుస్తుంది. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా ఆగిపోయింది ఈ పరిమితి వల్లే. ఆపరేటర్‌కు ఎక్సెల్ నేర్పడం కన్నా, మీరే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా గుర్తుపెట్టి దింపడం తేలిక. తిరిగి ఎక్కించేటప్పుడు నేరుగా రాసేయకండి. ‘312 వరుసలు మారవు, 4 మారతాయి, 1 ఖాతా నంబరు అనుమానంగా ఉంది’ అని పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపి, ఆ తర్వాతే ఒప్పుకోండి.

ఇద్దరు ఒకే రికార్డు తెరిచినప్పటి సంగతి క్లుప్తంగా చెబుతాం. ఒకరు తూకం దిద్దుతారు, ఇంకొకరు అదే రైతు ఫోన్ నంబరు దిద్దుతారు, రెండోవాళ్లు సేవ్ చేయగానే మొదటివాళ్ల తూకం పాతదైపోతుంది. ప్రతి రికార్డుకు ఒక వెర్షన్ నంబరు పెట్టి, తెరిచినప్పటిదీ సేవ్ చేసేటప్పటిదీ వేరైతే ఆపండి. ఆపి, ‘ఎర్రర్ 409’ అని చేతులు దులుపుకోకుండా ఏ గడి ఎవరు మార్చారో చూపండి.

ఫోన్ల మీద సర్వే యాప్‌లు రాసేవాళ్లకు. నల్లమల అంచు ఊళ్లలో సిగ్నల్ ఉండదని మీకు తెలుసు కాబట్టే ఆఫ్‌లైన్ పెట్టారు, సంతోషం. ‘పంపినవి 14, ఇంకా ఫోన్‌లోనే ఉన్నవి 3’ అని మొదటి స్క్రీన్ మీదే కనబడాలి. ఆ మూడు ఉండగా లాగౌట్ కానివ్వకూడదు. యాప్ మొరాయిస్తే హెల్ప్‌లైన్‌లో చెప్పే మొదటి సలహా ‘సెట్టింగ్స్‌లోకి పోయి క్లియర్ చేయండి’ అని. ఆండ్రాయిడ్‌లో క్యాష్ క్లియర్, స్టోరేజ్ క్లియర్ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది నొక్కితే పరవాలేదు, రెండోది నొక్కితే ఆ మూడు కుటుంబాల సర్వే మళ్లీ చేయాల్సిందే. వెబ్ ఫారమైతే వేలితో కిందికి లాగగానే పేజీ రిఫ్రెష్ అయి అంతా పోతుంది. సీఎస్‌ఎస్‌లో ఓవర్‌స్క్రోల్-బిహేవియర్‌కు కంటెయిన్ ఇస్తే ఆగుతుంది, ఒక్క లైను. బటన్లు 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. డిలీట్‌ను బొటనవేలు ఊరికే తగిలే చోట పెట్టొద్దు.

బ్యాకప్ ఉందిలే అని ధీమాగా ఉండేవాళ్లకు 2017 జనవరి 31న కోడ్ దాచుకునే మరో సైటు గిట్‌ల్యాబ్‌లో జరిగింది గుర్తుచేస్తాం. రాత్రిపూట ఒక ఇంజినీరు ఒక సర్వర్‌లో అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా ఫోల్డర్ చెరిపేశాడు. ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్‌కు ఉన్న పద్ధతులేవీ అక్కరకు సరిగా రాలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ దొరికింది. అంత పెద్ద సంస్థలోనే అలా ఉంటే, బ్యాకప్ తీసి అదే కంప్యూటర్లో డీ డ్రైవ్‌లో పెట్టే మన దుకాణాల మాట చెప్పేదేముంది? పైగా మన బిల్లింగ్ స్క్రీన్లలో ‘బ్యాకప్’, ‘రీస్టోర్’ బటన్లు కవల పిల్లల్లా ఉంటాయి. రాత్రి దుకాణం కట్టేస్తూ ఒకటి నొక్కబోయి రెండోది నొక్కితే, నిన్నటి డేటా వచ్చి ఈరోజు బిల్లుల మీద కూర్చుంటుంది. రీస్టోర్‌ను వేరే మెనూలో పెట్టండి. మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న డేటాకు దానంతటదే ఒక కాపీ తీయాలి. ఆపైన ‘ఈ ఫైలులో చివరి బిల్లు 4,118, నిన్న రాత్రి 9.05. ఇప్పుడున్న చివరి బిల్లు 4,203’ అని చూపాలి. రెండు అంకెలు ఎదురెదురుగా ఉంటే ఎవరికైనా అర్థమవుతుంది.

సపోర్టు పేరుతో రాత్రిళ్లు లైవ్ డేటాబేస్‌లోకి దిగి అప్‌డేట్ రాసేవాళ్లు కూడా ఆపరేటర్లే. ఏ వరుసలు మార్చాలో చెప్పే వేర్ షరతు మరిచిన ఒక్క అప్‌డేట్ ఊరందరి ఫోన్ నంబర్లనూ ఒకటి చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లో సేఫ్-అప్‌డేట్స్ అని ఒక ఆప్షన్ ఉంది, కీ లేకుండా, లిమిట్ లేకుండా రాసిన అప్‌డేట్‌ను, డిలీట్‌ను నడవనివ్వదు. దానికే ‘ఐ-యామ్-ఎ-డమ్మీ’ అనే రెండో పేరు కూడా పెట్టారు. పేరు చూసి నామోషీ పడకుండా వాడండి.

కొనేవాళ్లు సాంకేతిక విషయాలు మాకేం తెలుసు అనొద్దు. డెమోకు వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టి, పావుగంట మీ ఆపరేటర్‌నే కీబోర్డు ముందు కూర్చోబెట్టండి. వెంకటలక్ష్మమ్మ అని తెలుగులో కొట్టి సేవ్ చేసి, మళ్లీ తెరిచి చూడమనండి. ఫారం సగంలో ఉండగా నెట్ కేబుల్ పీకి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ ఆపేసి, మళ్లీ పెట్టి లాగిన్ అవమనండి. రెండు కంప్యూటర్లలో ఒకే రికార్డు తెరిచి చెరొకటి మార్చమనండి. ఒక రైతు రికార్డు తీసేసి, వచ్చినవాళ్లు నోరెత్తకుండా దాన్ని ఆపరేటరే వెనక్కి తేగలడేమో చూడండి. చివరగా నిన్నటి బ్యాకప్‌ను ఖాళీ కంప్యూటర్లో రీస్టోర్ చేసి చూపమని అడగండి. ‘అది మా ఆఫీసులో చేస్తాం సార్’ అంటే, వాళ్ల ఆఫీసుకు వెళ్లి, అది పూర్తయ్యేదాకా అక్కడే కూర్చోండి.

ఇట్లు,
కర్నూలు, ఆదోనిల్లో డేటా ఎంట్రీ, డేటాబేస్ పనులు చూసుకునే కొందరం